శివారు కొలత

కోపల్లె హనుమంతరావు గారి స్మృతిలో మచిలీపట్నంలో చేసిన ఉపన్యాసం. ముద్రణ కోసం కొద్దిగా సవరించిన పాఠం.



కోపల్లె హనుమంతరావు గారిని తలుచుకోవడమంటే ఈ ఊరు ఒకప్పుడు చదువు గురించి ఎంత పెద్దగా ఆలోచించిందో తలుచుకోవడమే. న్యాయశాస్త్రం చదివిన మనిషి ఆయన. ఆ దారిన పోతే సుఖంగా బతికేవారు. దాన్ని వదిలి ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గార్లతో కలిసి 1910లో ఇక్కడ ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టారు. పింగళి వెంకయ్య గారు అందులో అధ్యాపకులుగా ఉన్నారు. అడివి బాపిరాజు గారు అక్కడ చదువుకుని, తర్వాతి కాలంలో దానికి ప్రిన్సిపాల్ అయ్యారు. అక్కడ పుస్తకంతోపాటు పనిముట్టు కూడా విద్యార్థి చేతికి అందింది. చదువుకున్నవాడి చేతికి నూనె మరక అంటడం నామోషీ అనుకునే రోజుల్లో చేతిపనిని పాఠంగా పెట్టడానికి ఎంత ధైర్యం కావాలో ఊహించండి.

నాకు ఈ వేదిక మీద నిలబడే చొరవ ఆ ఆలోచన వల్లే వచ్చింది. నేను కంట్రోల్స్ ఇంజనీరుని. మొదట కొన్నేళ్లు మందుల కర్మాగారాల్లో, ఆ తర్వాత పదిహేనేళ్లకు పైగా విమాన భాగాలు తయారుచేసే కర్మాగారాల్లో పనిచేశాను. విమానాన్ని చేసే యంత్రానికి ఎప్పుడు కదలాలో, ఎంత కదలాలో, ఎక్కడ ఆగాలో చెప్పే ఏర్పాటు చేయడం నా పని. ఇన్నేళ్ల పనిలో నాకు రూఢి అయిన విషయం ఒకటుంది. దాన్ని నేను కర్మాగారంలో నేర్చుకున్నానని చాలాకాలం అనుకున్నాను. నిజానికి దాన్ని దివిసీమ కాలవ గట్టు మీద నేర్చుకుని వెళ్లాను. ఈ సాయంత్రం ఆ ఒక్క సంగతీ చెబుతాను.

చివరి తూము

దివిసీమకు నీళ్లు రావడమే ఒక ఇంజనీరింగు కథ. కృష్ణ రెండు పాయలుగా చీలి, సముద్రంలో కలిసే ముందు మధ్యలో వదిలిన నేల మనది. 1852-55 మధ్య బెజవాడ దగ్గర కట్టిన ఆనకట్ట 1952లో తెగింది. దాని స్థానంలో 70 గేట్ల ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. దివిలోకి నీరు ఎక్కించడానికి ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలోనే డీజిల్ ఇంజన్లతో పంపులు నడిపారు. ఆ తర్వాత పులిగడ్డ దగ్గర అక్విడక్టు కట్టి, నది పాయ మీదుగా కాలవనే దాటించారు. డెల్టా మొత్తం మీద సుమారు 13 లక్షల ఎకరాలు తడవాలి. బ్యారేజీ దగ్గర వదిలిన నీరు కోడూరు, నాగాయలంక శివారు మళ్లకు చేరేసరికి రోజులు పడుతుంది.

మా నాన్నగారు ఆ కాలవల మీద లస్కరు. షట్టర్లు ఎత్తడం, దించడం, గేజి రాయి మీద మట్టం చూసి పుస్తకంలో రాయడం ఆయన పని. లాకు దగ్గర ఇన్ని అడుగుల మట్టం ఉంచమని పైనుంచి ఆర్డరు వచ్చేది. ఆ మట్టం ఉంచి రాసిపెడితే ఉద్యోగధర్మం తీరిపోతుంది. ఆయన అక్కడితో ఆగేవారు కాదు. షట్టరు ఎత్తిన మర్నాడు తెల్లవారుజామున నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని గట్టు వెంట చివరి తూము దాకా వెళ్లేవారు. తూములో చెయ్యి పెట్టి పారుదల చూసేవారు. పక్క పొలం రైతును పలకరించేవారు. వెనక్కి వచ్చి షట్టరు మర మరో నాలుగు చుట్లు తిప్పేవారు.

"లాకు దగ్గర నీళ్లకేం తక్కువరా, అక్కడెప్పుడూ ఉంటాయి. శివారులో ఉన్నాయో లేదో చూడాలి" అనేవారు.

ఆయన చదివింది అయిదో తరగతి. నేను ఈ వృత్తిలోకి వచ్చాక చదివిన పెద్ద పెద్ద గ్రంథాల సారం ఆ రెండు మాటల్లో ఉంది.

సరంగు నేర్పిన గణితం

నియంత్రణ అనే మాట వినగానే అధికారం గుర్తొస్తుంది, పైనుంచి కిందికి దిగే ఆజ్ఞ గుర్తొస్తుంది. మా వృత్తిలో దాని అర్థం వేరు. ఉన్నదెంతో కొలవడం, ఉండాల్సిన దానితో పోల్చడం, తేడాను సరిదిద్దడం, మళ్లీ కొలవడం. ఈ చక్రం ఎక్కడా తెగకూడదు. ఆజ్ఞ ఇచ్చి ఊరుకుంటే అది నియంత్రణ కాదు. ఆ ఆజ్ఞ ఏం చేసిందో తిరిగి వినాలి. ఆ వినికిడినే ఫీడ్‌బ్యాక్ అంటాం.

ఈ విద్యకు పునాది వేసిన వాళ్లలో నికొలస్ మినోర్‌స్కీ ఒకరు. రష్యాలో పుట్టి అమెరికా వెళ్లిన ఇంజనీరు. పెద్ద యుద్ధనౌకను మనిషి చెయ్యి లేకుండా దారి తప్పకుండా నడపడం ఎలాగన్నది ఆయన ముందున్న ప్రశ్న. గదిలో కూర్చుని సూత్రం కట్టే ముందు ఆయన అనుభవమున్న చుక్కాని మనుషులు ఓడను ఎలా తిప్పుతారో గమనించాడు. ఆ తీరునే గణితంగా రాసి 1922లో ప్రచురించాడు. బందరు రేవు వాళ్లకు ఇది సులువుగా తెలుస్తుంది. మంచి సరంగు మూడు సంగతులు కనిపెడతాడు. పడవ ఇప్పుడు దారికి ఎంత పక్కన ఉంది? ఎంతసేపటినుంచి అలా పక్కకే లాగుతోంది? ఎంత వేగంగా తిరిగిపోతోంది? మొదటిది చూసి చుక్కాని తిప్పుతాడు. రెండోది చూసి ప్రవాహానికి తగ్గట్టు కొంత వాలు అట్టేపెడతాడు. మూడోది చూసి పడవ దారిలోకి రాకముందే చుక్కాని వెనక్కి తెస్తాడు. ఈ మూడు తెలివిడుల కలయికనే మేం పీఐడీ అంటాం. ఇవాళ ఏ కర్మాగారానికి వెళ్లినా కొలిమి వేడిని, పైపులో పీడనాన్ని, మోటారు వేగాన్ని నిలబెట్టేది ఎక్కువగా ఇదే. సరంగు తెలివి నూరేళ్లుగా యంత్రాల్లో పనిచేస్తోంది.

విమానానికీ ఆటోమేషన్‌కూ ఉన్న చుట్టరికం కూడా పాతదే. హెలికాప్టరు రెక్క ఆకారం చేత్తో చెక్కితే ఒకటికి ఒకటి సరిపోయేది కాదు. అమెరికాలో జాన్ పార్సన్స్ అనే తయారీదారు ఆ ఆకారాన్ని అంకెలుగా మార్చి, ఆ అంకెలతోనే మిల్లింగ్ యంత్రాన్ని నడపాలని తలపెట్టాడు. అక్కడి వైమానిక దళం డబ్బుతో ఎంఐటీ పరిశోధకులు 1952లో అటువంటి యంత్రాన్ని నడిపి చూపించారు. ఇవాళ మన ఆటోనగర్లలో సైతం కనిపించే సీఎన్‌సీ యంత్రాల వంశవృక్షానికి మూలం అదే. డిక్ మోర్లే బృందం తెచ్చిన మోడికాన్ 084, అంటే యంత్రాలను ప్రోగ్రాంతో నడిపే తొలి పీఎల్‌సీ, 1969లో కార్ల పరిశ్రమ కోసం వచ్చింది. గోడంతా రిలేలతో నిండిన ప్యానెళ్ల పనిని ఒక చిన్న పెట్టె చేయసాగింది.

తెలుగు నేల మీద ఈ పరిశ్రమ హైదరాబాదులో బాలానగర్ చుట్టూ వేళ్లూనుకుంది. అక్కడ హిందుస్థాన్ ఏరోనాటిక్స్ శాఖ ఉంది. 1970లో మొదలైన ఎంటార్ ఇస్రో రాకెట్ల వికాస్ ఇంజన్లను తయారుచేసే స్థాయికి ఎదిగింది. 1973లో ఏర్పడిన మిధాని టైటానియం, ప్రత్యేక మిశ్రమ లోహాలు ఇస్తోంది. ఆదిబట్లలో టాటా, బోయింగ్ ఉమ్మడి సంస్థ 2018లో మొదటి అపాచీ హెలికాప్టరు దేహాన్ని అప్పగించింది. సీ-130జే విమానాల తోక భాగాలు కూడా ఆదిబట్లలోనే తయారవుతున్నాయి. ఇద్దరు యువకులు 2018లో హైదరాబాదులో మొదలుపెట్టిన స్కైరూట్, 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ రాకెట్టును ఎగరేసింది. ఈ షెడ్లలో ఏ షిఫ్టులో చూసినా గుడివాడ మాట, బందరు యాస వినిపించడం నాకు ఎప్పుడూ ధైర్యాన్నిచ్చింది.

వెనకబడిన థర్మోకపుల్

మా పని ఎలా ఉంటుందో ఒక్క ఉదాహరణతో చెబుతాను. ఇప్పటి విమానాల్లో చాలా భాగాలు కార్బన్ ఫైబర్‌తో చేస్తారు. జిగురు పట్టించిన నల్లటి బట్టలాంటి పొరలను ఒక అచ్చు మీద ఒకదానిపై ఒకటి పరుస్తారు. ఏ పొర నేత ఏ దిక్కుకు ఉండాలో లెక్క ఉంటుంది. పైన సంచి కప్పి లోపలి గాలి లాగేస్తారు. తర్వాత దాన్ని ఆటోక్లేవ్‌లో పెడతారు. మన వంటింటి ప్రెషర్ కుక్కరును లారీ పట్టేంత పెద్దది చేస్తే అదే ఆటోక్లేవ్. లోపల సుమారు 180 డిగ్రీల సెల్సియస్ వేడి, బయటి గాలికి ఆరేడు రెట్ల పీడనం. వేడిని నిమిషానికి ఒకటి నుంచి మూడు డిగ్రీల చొప్పున, నెమ్మదిగా పెంచాలి. తొందరపడితే జిగురు తనలో తానే వేడెక్కి పాడవుతుంది. ఆలస్యమైతే సరిగా పారదు, పొరల మధ్య బుడగలు మిగులుతాయి.

భాగం మీద అక్కడక్కడ థర్మోకపుల్స్ అతికిస్తాం. అవి వేడిని కొలిచే సన్నని తీగలు. పలుచని అంచు త్వరగా వేడెక్కుతుంది. అచ్చు మందంగా ఉన్న మూల వెనకబడుతుంది. రెండు చోట్ల మధ్య ఒక్కోసారి పదీ ఇరవై డిగ్రీల తేడా ఉంటుంది. మరి ఉడికే సమయం ఎప్పటినుంచి లెక్కపెట్టాలి? ఆటోక్లేవ్ గాలి 180కి చేరినప్పటినుంచా? ముందున్న థర్మోకపుల్ చేరినప్పటినుంచా? అన్నిటికంటే వెనకబడిన థర్మోకపుల్ ఆ వేడిని అందుకున్న నిమిషం నుంచే గడియారం మొదలవ్వాలి. అది చేరేదాకా మిగతావన్నీ ఆగాలి. ఈ నియమాన్ని పీఎల్‌సీలో మొదటిసారి రాసిన రోజు నాకు సైకిలు, గట్టు, చివరి తూము కళ్లకు కట్టాయి. లాకు దగ్గర మట్టం చూసి పంటకు నీరందిందని రాయకూడదని చెప్పిన మనిషి, 180 డిగ్రీల కొలిమి దగ్గర నాకు సరైన ప్రోగ్రాం రాయించాడు.

అందుకే నేను చెప్పదలచిన ఒక్క సంగతి ఇది: ఏ ఏర్పాటైనా బాగా నడుస్తోందో లేదో దాని శివారులో కొలవాలి. కొలత పరికరాన్ని మనకు అనువైన చోట పెట్టుకుంటే అది మనకు నచ్చిన అంకెలే చెబుతుంది. కష్టమైన చోట, దూరమైన చోట, ఆలస్యమయ్యే చోట పెడితే నిజం చెబుతుంది.

చిలకలపూడి, పెడన మనకు ముందే చెప్పినవి

విమాన పరిశ్రమలో కొన్ని పనులను ప్రత్యేక ప్రక్రియలు అంటారు. లోహానికి వేడి పదును పెట్టడం, వెల్డింగు, అల్యూమినియానికి రసాయన తొట్టిలో కరెంటు పెట్టి రక్షణ పొర ఎక్కించే అనోడైజింగ్, ఇందాక చెప్పిన ఆటోక్లేవ్ పని. పని అయ్యాక వస్తువును పైనుంచి చూసి అది మంచిదో కాదో పూర్తిగా తేల్చలేకపోవడం వీటి స్వభావం. లోపల పొర సరిగా పట్టిందో లేదో కోస్తే గాని తెలియదు, కోస్తే వస్తువు మిగలదు. కాబట్టి వస్తువును కాక ప్రక్రియను కాపలా కాయాలి. తొట్టిలో రసాయనం పాళ్లు, వేడి, కరెంటు, ముంచి ఉంచిన నిమిషాలు, కడిగిన నీటి శుభ్రత, ఒకదాని తర్వాత ఒకటిగా క్రమం. వీటిలో ఏది తప్పినా క్రేను ముందుకు కదలకుండా ఇంటర్‌లాక్ పెట్టడం నా పని.

చిలకలపూడి రోల్డ్ గోల్డ్ చేసేవారికి ఇందులో కొత్తేముంది? తొట్టిలో నగను ఎంతసేపు ఉంచాలో, ఎంత కరెంటు ఇవ్వాలో, ముందు ఎలా శుభ్రం చేయాలో వాళ్లకు తరాలుగా తెలుసు. పైకి మెరిసే నగ నాలుగు వారాలకే నల్లబడితే తప్పు మెరుపులో లేదనీ, ముందరి కడుగుడులో ఉందనీ వాళ్లకు తెలుసు. పెడన కలంకారీ అద్దకం చూడండి. గుడ్డకు కరక్కాయ పట్టించాలి, బెల్లం, ఇనుము ఊరిన నల్లరంగు వేయాలి, పటిక అద్దాలి, కాలవ నీళ్లలో జాడించాలి, ఉడకబెట్టాలి. ఒక్క మెట్టు దాటేస్తే ఆ రోజుకు కనిపించదు, పదోసారి ఉతికినప్పుడు బయటపడుతుంది. అంచు గీత అచ్చు మీద రంగు అచ్చును తప్పకుండా కూర్చడానికి అద్దకపు పనివాడు కంటితో పెట్టే గురి, విమాన భాగాన్ని ఫిక్స్చరులో కూర్చేటప్పుడు మేం లేజరు పరికరంతో పెట్టే గురి ఒక జాతివే.

చేతిపని తక్కువదనీ, ఆటోమేషన్ ఎక్కువదనీ అనుకునే పిల్లలు ఈ మాట గుర్తుంచుకోవాలి. తెలిసిన చెయ్యి లేనిచోట ఆటోమేట్ చేయడానికి ఏమీ ఉండదు.

నేను వినని చెవి

తెలిసిన చెయ్యి విలువను నేను తప్పు చేసి నేర్చుకున్నాను. హైదరాబాదు దగ్గర ఒక కర్మాగారంలో విమాన దేహం పలకలకు రంధ్రాలు వేసే రోబోను మొదలుపెడుతున్నాం. ఒక దేహంలో రివెట్ల కోసం వేల రంధ్రాలు ఉంటాయి. ప్రతి రంధ్రం పలకకు నిటారుగా ఉండాలి. కొలతలో తల వెంట్రుక మందమంత తేడా వచ్చినా పనికిరాదు. గరుకు అంచున్న రంధ్రంలో పగులు మొదలవుతుంది. విమానం ఎగిరిన ప్రతిసారీ అది కాస్త కాస్త పెరుగుతుంది. అందుకే రోబో ముందు పలకను అదిమి పట్టుకుంటుంది, నిటారును సెన్సర్లతో చూసుకుంటుంది, తర్వాతే డ్రిల్లు దించుతుంది. డ్రిల్లు మోటారు లాగే కరెంటును బట్టి బిట్టు అరిగిందా లేదా అన్నది కనిపెట్టే ఏర్పాటు నేను రాశాను. తెర మీద గీతలన్నీ పచ్చగా ఉన్నాయి.

ముప్పై ఏళ్లు చేత్తో డ్రిల్లు పట్టిన ఫిట్టరు ఒకాయన ఆ షెడ్డులో ఉండేవారు. పక్కనుంచి వెళ్తూ ఆగి, "సార్, బిట్టు ఏడుస్తోంది" అన్నారు. నేను తెర చూపించి, కరెంటు హద్దులోనే ఉందన్నాను. ఆయన మారుమాట్లాడకుండా వెళ్లిపోయారు. ఆ సాయంత్రం నాణ్యతా విభాగం కొలిచి చూస్తే వరసగా రంధ్రాలు హద్దు దాటాయి. నేను పెట్టిన హద్దు కొత్త బిట్టును, మందమైన పలకను దృష్టిలో పెట్టుకుని లెక్కగట్టింది. పలుచటి పలక మీద అరిగిన బిట్టుకు కూడా కరెంటు అంతగా పెరగదు. ఆ తేడా మీటరుకు తెలియలేదు, ఆయన చెవికి తెలిసింది.

మర్నాడు ఆయన దగ్గరికి వెళ్లి క్షమాపణ చెప్పి, వారం రోజులు పక్కన కూర్చున్నాను. ఏ చప్పుడు ఏ అరుగుదలకో ఆయన చెబుతుంటే అదే సమయంలో కంపన సెన్సరుతో రికార్డు చేశాం. పలక మందాన్ని బట్టి హద్దులు మారేలా మళ్లీ రాశాను. ఆ తర్వాత ఆ యంత్రం బిట్టు మార్చమని అడిగిన ప్రతిసారీ ఆయన గొంతే నాకు వినిపించేది. ఆ కర్మాగారంలో నేను రాసిన వాటిలో నాకు గర్వంగా అనిపించేది ఆ ఒక్క పేజీ.

విననప్పుడు ఏమవుతుంది

వినడం విషయంలో మన తేజస్ యుద్ధవిమానం మంచి పాఠం. చురుగ్గా మలుపు తిరగడానికి దాన్ని స్వతహాగా నిలకడ లేనిదిగా రూపొందించారు. కంప్యూటరు క్షణక్షణం సరిదిద్దకపోతే అది గాలిలో నిలవదు. అంత భారం ఒక్క సెన్సరు మీద, ఒక్క కంప్యూటరు మీద పెట్టకూడదు కాబట్టి నాలుగు సమాంతర మార్గాలు పెట్టారు. అవి ఒకదానినొకటి సరిచూసుకుంటాయి. ఒకటి తప్పు చెబితే మిగతావి దాన్ని పక్కన పెడతాయి. బరంపురంలో పుట్టిన కోట హరినారాయణ గారు ఆ కార్యక్రమానికి డైరెక్టరుగా ఉండగా 2001 జనవరి 4న తేజస్ మొదటిసారి ఎగిరింది.

దీనికి ఎదురు పాఠం బోయింగ్ 737 మ్యాక్స్ విమానం. ఎదురొచ్చే గాలికి విమానం ముక్కు ఎంత పైకి లేచిందో చెప్పే సెన్సర్లు దానికి రెండున్నాయి. అయినా ముక్కును కిందికి దించే కొత్త సాఫ్ట్‌వేరు ఏ ప్రయాణంలోనైనా ఒక్కదాని మాటే వినేలా ఉంది. 2018 అక్టోబరులో ఇండొనేషియా దగ్గర, 2019 మార్చిలో ఇథియోపియాలో ఆ ఒక్క మాట తప్పయింది. రెండు ప్రమాదాల్లో 346 మంది చనిపోయారు.

2024 జనవరి 5న అమెరికాలో అదే రకం విమానం ఒకటి పైకి లేచిన కాసేపటికే దాని పక్కనున్న తలుపు మూత ఊడి పడింది. దాన్ని పట్టి ఉంచాల్సిన నాలుగు బోల్టులు లేవని విచారణలో తేలింది. కర్మాగారంలో రివెట్ల మరమ్మతు కోసం ఆ మూత తీశారు. తీసినట్టు రాసిన కాగితం లేదు. రాయలేదు కాబట్టి తిరిగి బిగించారా లేదా అని చూడాల్సిన మనిషికి చూడాలని తెలియలేదు. ఇది నేను ప్రతి బ్యాచికీ చెబుతాను. మా ప్యానెళ్లలో కూడా ఇటువంటి ప్రలోభం ఉంటుంది. సెన్సరు పాడైంది, పని ఆగకూడదు, ఒక చిన్న తీగ ముక్కతో దాన్ని తాత్కాలికంగా దాటేద్దాం అంటారు. ఆ తీగ ముక్క నెలల తరబడి అక్కడే ఉండిపోవడం నేను చూశాను. దాటేసిన ప్రతి ఇంటర్‌లాక్‌నూ పేరు, తేదీ, గంట వేసి పుస్తకంలో రాయండి. మా నాన్నగారి గేజి పుస్తకంలో తప్పు రాసిన అంకె కొట్టివేత కింద కనిపిస్తూనే ఉండేది, ఆయన ఎప్పుడూ చెరిపేయలేదు.

నవంబరు 19

ఈ వేదిక మీద నిలబడి శివారు గురించి మాట్లాడుతూ 1977 నవంబరు 19ని దాటిపోలేను. ఆ రోజు ఉప్పెన దివిసీమను ముంచింది. దాదాపు 10,000 మంది పోయారు. సొర్లగొంది వంటి ఊళ్లు మొత్తంగా తుడిచిపెట్టుకుపోయాయి. మా ఇంట్లో ఆ రాత్రి గురించి పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. నవంబరు వచ్చేసరికి అమ్మ గుమ్మంలో కూర్చుని తూర్పు వైపు చూస్తూ ఉండేది.

ఇంజనీరుగా ఆ రాత్రిని తలుచుకున్నప్పుడు నాకు ఒకటే కనిపిస్తుంది. సముద్రంలో తుఫాను ఉందని ఎక్కడో ఒకచోట తెలుసు. తెలిసిన చోటుకూ, తెలియాల్సిన గుడిసెకూ మధ్య తీగ లేదు, బండి లేదు, వ్యవధి లేదు. కొలత ఉండి కూడా అది చివరి ఇంటికి చేరకపోతే ఆ కొలత ఎవరి ప్రాణమూ కాపాడదు. ఇవాళ బందరులో డాప్లర్ రాడారు ఉంది, సెల్‌ఫోన్లున్నాయి, తుఫాను రక్షణ భవనాలున్నాయి. ఒక తరం పోయాక మనం ఆ చక్రాన్ని శివారు దాకా పూర్తి చేసుకున్నాం.

నేను అడిగేది

ఇప్పుడు నేను చెప్పిన విమాన, రక్షణ పరిశ్రమే మన గడపలోకి వస్తోంది. బందరుకు ఇది మరీ కొత్త కాదు. 1926లో ఇక్కడ మొదలైన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. చీకట్లో చూపునిచ్చే పరికరాలు ఈ ఊళ్లో తయారై సైన్యానికి వెళ్లాయి. పామర్రు దగ్గర నిమ్మలూరులో ఆ సంస్థ కట్టిన కొత్త కర్మాగారాన్ని 2025 అక్టోబరులో జాతికి అంకితం చేశారు. అదే ఏడాది మే 2న నాగాయలంక క్షిపణి పరీక్షా కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. వీటికి కావలసింది సెన్సరు అమర్చగలిగే చేతులు, వైరింగు డ్రాయింగు చదవగలిగే కళ్లు, క్యాలిబ్రేషన్ ధ్రువపత్రం మీద సంతకం విలువ తెలిసిన మనసులు. అవి ఇక్కడ లేకపోతే బయటినుంచి తెచ్చుకుంటారు. మన పిల్లలు గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగానికి వరసలో నిలబడతారు.

అందుకే మూడు విన్నపాలు.

మొదటిది కళాశాలల యాజమాన్యాలకు. ప్రతి పాలిటెక్నిక్‌లో, ప్రతి ఐటీఐలో ఒక బల్ల పెట్టండి. దాని మీద రెండు తొట్లు, ఒక చిన్న పంపు, ఒక వాల్వు, మట్టం చూసే సెన్సరు, ఒక పీఎల్‌సీ చాలు. పై తొట్టిలో మట్టం నిలబెట్టడం అందరూ చేస్తారు, కింది తొట్టిలో నిలబెట్టమనండి. ప్రతి విద్యార్థీ తన చేత్తో వైరు బిగించి, తన చేత్తో ప్రోగ్రాం రాసి, అది తప్పితే తనే వెతకాలి. బల్ల చూపించి ఫోటో తీసి తాళం వేయకండి.

రెండోది ఉపాధ్యాయులకు. ఈ విద్య తెలుగులో చెప్పండి. లస్కరు షట్టరు నుంచి, సరంగు చుక్కాని నుంచి, గుడివాడ రైస్ మిల్లులో రంగు చూసి గింజను వేరుచేసే సార్టెక్స్ యంత్రం నుంచి మొదలుపెట్టండి. అర్థమైన తర్వాత ఇంగ్లీషు మాట ఏ పిల్లవాడికైనా వారంలో వస్తుంది. చిలకలపూడి పూతపనివాళ్లను, పెడన అద్దకపు పనివాళ్లను, రిటైరైన ఫిట్టర్లను ఏడాదికి కొన్ని రోజులైనా తరగతికి పిలిచి, గురువులుగా కూర్చోబెట్టండి. 1910లో ఈ ఊరు చేసి చూపించిన పని ఇదే.

మూడోది విద్యార్థులకు. మీరు చేసిన భాగం మీద మీరెప్పుడూ చూడని మనుషులు ఆకాశంలో కూర్చుని నిద్రపోతారు. వాళ్లకు మీ పేరు తెలియదు. మీరు కొలిచిన కొలత ఒక్కటే వాళ్లకు రక్ష. చూడని అంకెను చూసినట్టు రాయకండి. అనుభవమున్న చెయ్యి ఏదైనా చెబితే తెర వైపు చూడటానికి ముందు ఆ చేతి వైపు చూడండి.

పెద్దలారా, పదేళ్ల తర్వాత ఈ పరిశ్రమ ఇక్కడ ఎంత ఎదిగిందో లెక్కపెట్టే సభ ఒకటి జరుగుతుంది. ఎన్ని కోట్లు పెట్టారో, ఎన్ని ఎకరాలు ఇచ్చారో చెబుతారు. అవి లాకు దగ్గర మట్టాలు. ఆ రోజు మీలో ఎవరైనా ఒకరు బయలుదేరి, పులిగడ్డ దాటి, గట్టు వెంట సొర్లగొంది దాకా వెళ్లండి. ఆ ఊరి పిల్లల్లో ఎంతమంది ఆ గేటు లోపల పనిచేస్తున్నారో ఇంటింటికీ అడిగి, వచ్చి ఆ సభలో చెప్పండి.